ఆగిన చోటి నుంచే మళ్లీ మొదలుపెట్టిన దుర్గాబాయమ్మ



ఏటా ఈ పుస్తకంలో మన పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, వసూలు ఎంత అని లెక్కలు చూసుకుంటాం. ఆ లెక్కలు ముఖ్యమే. కాని మన గ్రూపుల్లో ఏ లెక్కకూ ఎక్కని విషయం ఒకటుంది. తీర్మానం పుస్తకంలో సంతకం పెట్టే దగ్గర కొందరం ఇప్పటికీ పక్కావిడ ముఖం చూస్తాం. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం అద్దాల బిల్డింగుల్లో హౌస్‌కీపింగ్ చేసే మన వాళ్లకు పని బాగా వచ్చు, పదిమందిని నడిపించడమూ వచ్చు. కాని సూపర్‌వైజర్ చేయాలంటే చాలాచోట్ల ముందు అడిగేది పదో తరగతి మెమో. అది లేక ఎందరో అక్కడే ఆగిపోతారు.

ఇది ఇవాళ్టి బాధ కాదు. దాదాపు డెబ్భై ఏళ్ల కిందట దేశమంతా ఇదే చిక్కు వచ్చింది. దానికి ఒక దారి చూపించిన మనిషి మన తెలుగింటి ఆడబిడ్డే. ఆమె పేరు దుర్గాబాయి దేశ్‌ముఖ్. హైదరాబాద్‌లో విద్యానగర్ వైపు వెళ్లినవాళ్లు ఆమె పేరున్న ఆసుపత్రిని చూసే ఉంటారు. మన దుర్గం చెరువుకూ ఆమె పేరుకూ ఏ సంబంధమూ లేదు. ఆ చెరువు పక్కనే ఉన్న సార్వత్రిక విశ్వవిద్యాలయానికీ ఆమె ఆలోచనకూ మాత్రం దగ్గరి చుట్టరికం ఉంది. ఆ సంగతి చివర్లో చెప్పుకుందాం.

రాజమండ్రి పిల్ల

దుర్గాబాయి 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టింది. తండ్రి రామారావు, తల్లి కృష్ణవేణమ్మ. ఆ రోజుల్లో చిన్నపిల్లలకే పెళ్లి చేసేవాళ్లు. ఆమెకూ ఎనిమిదో ఏటనే చేశారు. పెళ్లంటే ఏమిటో తెలియని వయసు. కాస్త ఊహ వచ్చాక, పదిహేనేళ్లప్పుడు, ఈ పెళ్లి నాకు వద్దని ఇంట్లో తేల్చి చెప్పింది. ఆ కాలంలో ఒక ఆడపిల్ల ఆ మాట అనడమే పెద్ద సంగతి. తండ్రి, తమ్ముడు ఆమె వైపు నిలబడ్డారు. ఇంటివాళ్లు వెనక ఉంటే ఆడపిల్ల ఎంత దూరం పోగలదో ఆమె జీవితమే సాక్ష్యం.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఆమె విడిచి వచ్చిన ఆ భర్త మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. కొన్నేళ్లకు చనిపోయాడు. అప్పుడు ఆ రెండో భార్య దిక్కులేనిదైతే, దుర్గాబాయి ఆమెను దగ్గరికి తీసి, చేతిపని నేర్పించి, తన కాళ్ల మీద తాను నిలబడేలా చేసింది. ఎవరి మీదా కోపం పెట్టుకోలేదు. కష్టంలో ఉన్న ఇంకో ఆడమనిషి అని మాత్రమే చూసింది.

బడి చదువు ఆమెకు పన్నెండో ఏటనే ఆగింది. ఇంగ్లీషు చదువును తమ మీద రుద్దుతున్నారని స్వాతంత్ర్య ఉద్యమం వేడిలో బడి మానేసింది. బడి మానేసినా చదువు మానలేదు. హిందీ నేర్చుకుంది, నేర్చుకున్నది ఇంట్లో దాచుకోకుండా రాజమండ్రిలోనే బాలికల హిందీ పాఠశాల పెట్టి ఇరుగుపొరుగు ఆడవాళ్లకు చెప్పింది. తనకు నాలుగు అక్షరాలు వస్తే రెండు పక్కవాళ్లకు ఇవ్వడం అప్పటి నుంచే అలవాటయింది.

1921లో గాంధీగారు కాకినాడ వస్తున్నారని తెలిసింది. దేవదాసీలు, పరదాలో ఉండే ముస్లిం ఆడవాళ్లు ఆయన మాట వినాలని దుర్గాబాయి కోరిక. గాంధీగారికి తీరిక లేదు, కొద్ది నిమిషాలైనా ఇవ్వాలంటే విరాళంగా ఐదువేల రూపాయలు పోగుచేయాలని నిర్వాహకులు చెప్పారు. పన్నెండేళ్ల పిల్ల ఆ ఆడవాళ్ల దగ్గరికే వెళ్లింది. వాళ్లే ఆ డబ్బు కూడబెట్టి ఇచ్చారు. సమాజం తక్కువగా చూసే ఆడవాళ్ల చేతిలోనే అంత శక్తి ఉందని ఆమె ఆ రోజే తెలుసుకుంది. సభలో గాంధీగారి హిందీ మాటలను తెలుగులో చెప్పింది కూడా ఆమే.

రెండేళ్లకు, 1923లో కాకినాడలోనే కాంగ్రెస్ మహాసభ జరిగింది. అక్కడి ఖాదీ ప్రదర్శన గేటు దగ్గర వాలంటీరుగా దుర్గాబాయిని నిలబెట్టారు. టికెట్ లేకుండా ఎవరినీ పంపొద్దని చెప్పారు. జవహర్‌లాల్ నెహ్రూ వచ్చారు. ఆయన దగ్గర టికెట్ లేదు. ఆమె పంపలేదు. నిర్వాహకులు కంగారుపడి టికెట్ తెచ్చి ఇచ్చాకనే లోపలికి వదిలింది. నెహ్రూకు కోపం రాలేదు, ఆ పిల్ల పట్టుదల మెచ్చుకున్నారు. మన గ్రూపులో లీడరు బంధువైనా సరే, కిస్తు కట్టకపోతే కట్టలేదనే రాయాలని మనం అనుకుంటాం కదా. ఇదీ అదే నియమం.

జైలు నేర్పిన పాఠం

1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. దుర్గాబాయి మద్రాసులో ముందు వరసలో నిలబడింది. అరెస్టు చేశారు. 1933 వరకు మూడుసార్లు జైలుకు పోయింది. వెల్లూరు జైలు, మదురై జైలు చూసింది. మదురైలో ఒంటరి గదిలో పెట్టారు. ఆరోగ్యం బాగా దెబ్బతిన్నది.

ఆ జైళ్లలోనే ఆమె బతుకు దారి మారింది. అక్కడ రకరకాల నేరాల కింద శిక్ష పడ్డ ఆడవాళ్లు ఉన్నారు. వాళ్లతో మాట్లాడితే తెలిసింది ఏమిటంటే, చాలామందికి తాము చేసిందేమిటో, తమ మీద రాసిందేమిటో కూడా తెలియదు. కోర్టులో ఏం జరిగిందో అర్థం కాలేదు. చదవడం రాదు, తమ తరఫున మాట్లాడే మనిషి లేడు. ఉపన్యాసాలు చాలవు, లాయరు చదువు చదవాలి, ఈ ఆడవాళ్ల పక్కన కోర్టులో నిలబడాలి అని ఆమె గట్టిగా అనుకుంది.

కాని లాయరు కావాలంటే ముందు మెట్రిక్ పాస్ కావాలి. ఆమె బడి పన్నెండో ఏటనే ఆగింది కదా. ఇప్పుడు వయసు ఇరవై నాలుగు దాటింది.

ఇరవై నాలుగేళ్లకు మెట్రిక్

మన దగ్గర ముప్పై ఏళ్ల తల్లి ఓపెన్ స్కూల్లో పదో తరగతి రాస్తానంటే ఇంట్లోవాళ్లు, వాడకట్టు వాళ్లు నవ్వుతారు. తొంభై ఏళ్ల కింద ఇంకెంత నవ్వి ఉంటారో ఆలోచించండి. దుర్గాబాయి ఆ నవ్వులను పట్టించుకోలేదు. ఇంటి దగ్గరే చదువుకుని కాశీలోని బనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్ష రాసి పాసయింది. తర్వాత ఇంటర్ కూడా అక్కడి నుంచే.

డిగ్రీకి విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి పోతే సీటు ఇవ్వడానికి ఇబ్బంది అన్నారు. కారణం మార్కులు కాదు. ఆడపిల్లలు ఉండడానికి హాస్టల్ లేదు. అప్పుడు వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి. ఇంకొకరైతే ఇంటికి తిరిగి వచ్చేవాళ్లు. ఆమె పేపర్లలో ప్రకటన ఇచ్చింది. హాస్టల్ లేక చదువు ఆగిన ఆడపిల్లలు ఎవరైనా ఉంటే తనకు ఉత్తరం రాయమని కోరింది. అలాంటివాళ్లు చాలామంది ఉన్నారని తేలింది. వాళ్లను కూడగట్టుకుని హాస్టల్ నడిపారు. తన ఒక్కదాని సీటు కోసం పోయిన మనిషి పదిమందికి దారి తెరిచింది.

ఇందులో మనకు పనికొచ్చే పాఠం ఉంది. నా ఒక్కదానికి ఇబ్బందని చెబితే ఆఫీసులో వినరు. ఇదిగో ఇంతమందిమి ఉన్నాం, మా పేర్లు ఇవి అని చెబితే వింటారు. గ్రూపు కట్టుకున్న మనకు ఇది కొత్త మాట కాదు.

బి.ఏ. ఆనర్స్ అయింది. తర్వాత మద్రాసులో లా చదివి లాయరుగా పేరు నమోదు చేసుకుంది. ఆమె చదువంతా ముగిసేసరికి ముప్పై దాటాయి.

ఆంధ్ర మహిళా సభ

తాను చదువుకుంటూనే మద్రాసులో తెలుగు పిల్లలను, ఆడవాళ్లను పోగుచేసింది. మొదట అది చిన్న పిల్లల బృందం. 1937లో ఆంధ్ర మహిళా సభ అయింది. పెళ్లయి చదువు ఆగినవాళ్లు, భర్త పోయినవాళ్లు, ఇంట్లో ఆదరణ లేనివాళ్లు అక్కడికి వచ్చేవాళ్లు. వాళ్లను తాను రాసిన బనారస్ మెట్రిక్ పరీక్షకే తయారుచేసింది. బడిలో పదేళ్లు చదివేది పెద్దవాళ్లకు అంత కాలం అక్కర్లేదని ఆమెకు అనుభవంలో తెలుసు. బతుకు చూసిన మనిషికి బుర్ర చురుగ్గా పనిచేస్తుంది. ఆసక్తి ఉంటే కొద్ది కాలంలోనే అందుకుంటుంది.

చదువుతోపాటు కుట్టు, అల్లిక, చేతిపనులు నేర్పారు. ఆంధ్ర మహిళ అనే పత్రిక నడిపారు. తర్వాత ఆసుపత్రి, నర్సుల శిక్షణ వచ్చాయి. సభ పని తర్వాత హైదరాబాద్‌కూ పాకింది. ఇక్కడ ఆసుపత్రి, ఆడపిల్లల కాలేజీ, టీచర్ల శిక్షణ, పెద్దల చదువు కోసం సాక్షరతా కేంద్రం నడిచాయి. ఇన్ని సంస్థలు విరాళాల మీద నిలబడాలంటే లెక్క కచ్చితంగా ఉండాలి. జనం డబ్బు ఇచ్చేది మనిషి మీద నమ్మకంతోనే. గేటు దగ్గర టికెట్ అడిగిన పిల్లే పెద్దయ్యాక ఈ సంస్థలను నడిపింది.

ఢిల్లీలో

1946లో రాజ్యాంగం రాసే సభకు మద్రాసు తరఫున ఎన్నికైంది. అంత పెద్ద సభలో ఆడవాళ్లు పదిహేను మందే. సభాధ్యక్షుడు లేనప్పుడు సభ నడిపేవాళ్ల జాబితాలో ఉన్న ఒకే ఒక మహిళ దుర్గాబాయి. ఆడవాళ్ల ఆస్తి హక్కు గురించి, కోర్టుల స్వేచ్ఛ గురించి గట్టిగా మాట్లాడింది.

1952 ఎన్నికల్లో పార్లమెంటుకు పోటీచేసి ఓడిపోయింది. మన సమాఖ్యలో కూడా ఎన్నికల్లో ఓడితే కొందరు మీటింగులకు రావడమే మానేస్తారు. ఆమె మానలేదు. నెహ్రూ ఆమెను ప్రణాళికా సంఘంలోకి తీసుకున్నారు. సాంఘిక సేవలు ఆమె బాధ్యత. అక్కడే ఆర్థిక మంత్రి చింతామణ్ దేశ్‌ముఖ్ పరిచయమయ్యారు. ఆయన రిజర్వు బ్యాంకుకు మొదటి భారతీయ గవర్నరు. 1953 జనవరిలో ఇద్దరూ నిరాడంబరంగా పెళ్లి చేసుకున్నారు. అప్పటికి ఆమెకు నలభై మూడేళ్లు. ఆడదాని బతుకు ఒక వయసుతో అయిపోదని ఆమె ఇక్కడ కూడా చూపించింది.

అదే ఏడు ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పాటైంది. దానికి మొదటి అధ్యక్షురాలు ఆమే. మొదటి పంచవర్ష ప్రణాళికలో స్వచ్ఛంద సంస్థలకు సాయం కింద నాలుగు కోట్ల రూపాయలు పెట్టించారు. ఊళ్లలో బాలవాడీలు, ప్రసూతి సేవ, ఆడవాళ్లకు చేతిపనుల కేంద్రాలు మొదలుపెట్టారు. అదే కాలంలో చైనా పోయి అక్కడి కుటుంబ కోర్టులను చూసి వచ్చింది. మన దగ్గర కూడా మొగుడూ పెళ్లాల తగవులకు వేరే కోర్టులు కావాలని పెద్దల దగ్గర పట్టుబట్టింది. ఆ చట్టం 1984లో వచ్చింది. అప్పటికి ఆమె లేదు.

పని ఉంది, సర్టిఫికెట్ లేదు

ఇప్పుడు మొదట చెప్పిన చిక్కు దగ్గరికి వద్దాం. బోర్డు ఊళ్లలో పని మొదలుపెట్టగానే గ్రామసేవికలు కావాలి, బాలవాడీ టీచర్లు కావాలి, నర్సులు, మంత్రసానులు కావాలి. ఉద్యోగాలు ఉన్నాయి. చేసే శక్తి ఉన్న ఆడవాళ్లూ ఊళ్లలో ఉన్నారు. కాని శిక్షణకు తీసుకోవాలంటే ఇంత చదువు ఉండాలని నియమం. ఆ చదువు వాళ్లకు లేదు. 1951 లెక్కల ప్రకారం దేశంలో వందమంది ఆడవాళ్లలో అక్షరాలు వచ్చినవాళ్లు తొమ్మిది మంది కూడా లేరు. పట్నం నుంచి చదువుకున్న అమ్మాయిలను పంపితే ఊళ్లో ఉండలేక వెనక్కి వచ్చేవాళ్లు.

ఈ ముడి విప్పడానికి దుర్గాబాయి తన జీవితంలోకే చూసుకుంది. మద్రాసులో తాను చేసిందే దేశమంతా చేయొచ్చు కదా అనుకుంది. 1958లో బోర్డు తరఫున పెద్ద ఆడవాళ్లకు కుదించిన చదువుల కోర్సులు మొదలయ్యాయి. బడిలో ఏళ్లకేళ్లు పట్టే చదువును సుమారు రెండేళ్లలో చెప్పి పరీక్షకు కూర్చోబెట్టడం దీని పద్ధతి. చదువు మధ్యలో ఆగినవాళ్లు, భర్త పోయినవాళ్లు, ఒంటరి ఆడవాళ్లు చేరారు. సర్టిఫికెట్ రాగానే నర్సు శిక్షణకో, టీచరు శిక్షణకో పోయే దారి తెరుచుకుంది. ఊరి మనిషే ఊళ్లో టీచరయింది.

అదే 1958లో ప్రభుత్వం ఆడవాళ్ల చదువు మీద జాతీయ కమిటీ వేసి దుర్గాబాయిని అధ్యక్షురాలిని చేసింది. 1959 జనవరిలో కమిటీ నివేదిక ఇచ్చింది. అందులోని ముఖ్యమైన మాటలు మనం ఇవాళ మీటింగులో చెప్పుకునేంత సూటిగా ఉంటాయి. ఆడపిల్లల చదువును మామూలు చదువులో ఒక భాగంగా వదిలేయొద్దు, దాన్ని ప్రత్యేక సమస్యగా చూసి, ప్రత్యేకంగా డబ్బు, ప్రత్యేకంగా మనుషులను పెట్టాలని అడిగింది. మగపిల్లలకూ ఆడపిల్లలకూ మధ్య ఉన్న తేడా తగ్గించడమే మొదటి పని అంది. ఊళ్లో ఆడ టీచరు ఉంటేనే తల్లిదండ్రులు ఆడపిల్లను బడికి పంపుతారు కనుక ఆడ టీచర్లను పెంచాలి, వాళ్లకు ఉండడానికి ఇల్లు ఇవ్వాలంది. ఆడ టీచరు దొరకని బడిలో పిల్లలను కనిపెట్టుకుని ఉండే బడితల్లిని పెట్టమంది. పుస్తకాలు, బట్టలు, స్కాలర్‌షిప్పులు, హాస్టళ్లు ఇవ్వమంది. కేంద్రంలో జాతీయ మండలి, రాష్ట్రాల్లో రాష్ట్ర మండళ్లు ఉండాలంది. ఆ జాతీయ మండలి 1959లోనే ఏర్పడింది. మొదటి అధ్యక్షురాలు దుర్గాబాయే.

అడిగినవన్నీ వెంటనే జరగలేదు. 1961 నాటికి అక్షరాలు వచ్చిన ఆడవాళ్లు వందకు పదిహేను మందే. మగవాళ్లలో అప్పటికే వందకు నలభై మంది. పదేళ్లలో కదలిక వచ్చింది కాని తేడా తగ్గలేదు. అయినా ఇవాళ మన పిల్లలకు దొరికే యూనిఫాం, పుస్తకాలు, ఆడపిల్లల గురుకులాలు, కస్తూర్బా విద్యాలయాలు చూస్తే, ఆ నివేదిక అడిగిన దారిలోనే ఇవి వచ్చాయని తెలుస్తుంది. ఎవరో ఒకరు ముందు కాగితం మీద పెట్టి అడగాలి. అడిగింది రావడానికి ముప్పై ఏళ్లు పట్టినా సరే.

హైదరాబాద్‌లో చివరి ఏళ్లు

ఢిల్లీ పదవులు అయిపోయాక భార్యాభర్తలిద్దరూ హైదరాబాద్ చేరారు. ఆమె ఆంధ్ర మహిళా సభ పనిలోనే మునిగిపోయింది. పెద్దల చదువు కోసం చేసిన పనికి నెహ్రూ సాక్షరతా అవార్డు వచ్చింది. 1975లో పద్మవిభూషణ్ ఇచ్చారు. భర్తకూ అదే ఏడు అదే గౌరవం. 1981 మే 9న దుర్గాబాయి కన్నుమూసింది. 1982లో చింతామణ్ దేశ్‌ముఖ్ కూడా పోయారు.

ఆమె పోయిన మరుసటి ఏడు, 1982 ఆగస్టులో, దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం హైదరాబాద్‌లోనే మొదలైంది. ఇప్పుడు దాని పేరు అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. అదే దుర్గం చెరువు పక్కన ఉన్నది. అది దుర్గాబాయి పెట్టింది కాదు. కాని పని చేసుకునే మనిషి, ఇల్లు నడిపే మనిషి, బడి వయసు దాటిన మనిషి కూడా చదవొచ్చన్న ఆలోచన మీదే అది నిలబడింది. ఆ ఆలోచన కోసమే ఆమె జీవితమంతా కొట్లాడింది. రోజూ ఆటోలో ఆ దారిలో పనికి పోయే మనలో కొందరికి ఆ గేటు లోపలికి మనం కూడా పోవచ్చని తెలియదు.

మనం ఏం చేద్దాం

2011 జనాభా లెక్కల్లో మన తెలంగాణలో చదవడం వచ్చిన మగవాళ్లు వందకు డెబ్భై ఐదు, ఆడవాళ్లు యాభై ఎనిమిది. పదిహేడు మంది తేడా. ఆ పదిహేడు మందిలో మన గ్రూపుల అక్కలు కూడా ఉన్నారు.

దుర్గాబాయమ్మ జీవితం చదివి దండం పెట్టి పుస్తకం మూస్తే లాభం లేదు. ప్రతి గ్రూపు వచ్చే సమావేశంలో మూడు పనులు చేయొచ్చు. మొదటిది, మనలో పదో తరగతి దగ్గరో, ఐదో తరగతి దగ్గరో ఆగినవాళ్లు ఎవరో పేర్లు రాసుకోవాలి. ఆమె పేపర్లో ప్రకటన ఇచ్చి పేర్లు పోగుచేసినట్టే. సిగ్గుపడేదేమీ లేదు, పదిమంది పేర్లు ఉంటే ఓపెన్ స్కూల్ చదువుల కోసం అందరం కలిసి అడగొచ్చు, కలిసి కూర్చుని చదువుకోవచ్చు. రెండోది, పది పాసైన ఆడపిల్ల ఏ ఇంట్లోనైనా ఇంటర్‌లో చేరకుండా ఉండిపోయిందా చూడాలి. పెళ్లి మాట నడుస్తున్నదా, ఫీజు ఇబ్బందా, ఇంట్లో చిన్నపిల్లలను చూసుకునేవాళ్లు లేరా అడిగి తెలుసుకోవాలి. కారణం తెలిస్తేనే సాయం దొరుకుతుంది. మూడోది, అంతర్గత అప్పులు ఇచ్చేటప్పుడు పెళ్లి ఖర్చు కంటే పిల్ల చదువు ఖర్చుకు ముందు వరస ఇస్తామని తీర్మానం రాసుకోవాలి.

దుర్గాబాయి ఇరవై నాలుగేళ్లకు మెట్రిక్ పుస్తకం పట్టింది. ముప్పై దాటాక లాయరయింది. నలభై మూడేళ్లకు తన ఇష్టప్రకారం పెళ్లి చేసుకుంది. యాభై దగ్గర పడుతుండగా దేశంలోని ఆడవాళ్లందరి చదువు కోసం నివేదిక రాసింది. మన గ్రూపులో ముప్పై ఐదేళ్ల అక్క ఇగ నాకెందుకమ్మా చదువు అంటే, ఈ పేజీ తీసి ఆమెకు చదివి వినిపించండి. తర్వాత ఆమె పేరు జాబితాలో మొదటి వరుసలో రాయండి. వీలైతే ఆ పేరు ఆమె చేతే రాయించండి.